"రూపాయి మిత్తే అక్కా" అంటే ముందు లెక్క చూసుకోండి

గ్రూపు లోన్ ఇచ్చేవాళ్లు మిత్తి ఎంతో చెప్పగానే సంతకం పెట్టొద్దు. ముందు మూడు అంకెలు కాగితం మీద రాయండి: చేతికి వచ్చేది ఎంత, కిస్తీ ఎంత, కిస్తీలు ఎన్ని.

50,000 లోన్, 24 నెలలు, నూటికి నెలకు రూపాయి మిత్తి అనుకుందాం. రెండేండ్ల మిత్తి 12,000. మొత్తం 62,000ను 24తో భాగిస్తే కిస్తీ 2,583. ఊళ్లో షావుకారు దగ్గర రూపాయి మిత్తికి తెచ్చిన అసలు గడువు దాకా మీ చేతిలోనే ఉంటుంది. ఇక్కడ మొదటి నెల నుంచే అసలు కొంచెం కొంచెంగా తిరిగి పోతుంది, మిత్తి మాత్రం పూర్తి 50,000 మీదనే పడుతుంది. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు 21.6 శాతం. ప్రాసెసింగ్ ఫీజు 1 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 590, ఇన్సూరెన్స్ అని ఇంకో 1,000 ముందే పట్టుకుంటే చేతికొచ్చేది 48,410. అప్పుడు 25 శాతం. అంటే అది రెండు రూపాయల మిత్తి.

ఈ అంకెను వాళ్లే రాసివ్వాలి. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం అన్ని ఖర్చులు కలిపిన ఏడాది మిత్తిని మీకు కాగితం మీద చూపాలి, లోన్ కార్డు మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మీరు ఒప్పుకోకుండా ఇన్సూరెన్స్ అంటగట్టొద్దు. ముందే కట్టేస్తే జరిమానా వేయొద్దు. పై లోన్‌లో 12 కిస్తీలు కట్టాక మిగిలే బాకీ సుమారు 27,660. మిగిలిన కిస్తీలన్నీ కూడి 31,000 అడిగితే ఒప్పుకోవద్దు.

ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటొద్దనేది కూడా నిబంధనే. కానీ ఏడాది ఆదాయాన్ని 12తో భాగించిన సగటుకు మోసపోవద్దు. దేవరకొండ, అచ్చంపేట దిక్కు పత్తి పైసలు దీపావళి అటూ ఇటూ వస్తాయి. ఆషాఢంలో ఇంట్లోకి వచ్చేది కూలి పైసలే, కిస్తీ మాత్రం ఆ నెలా ఆగదు. ఆ నెల రాబడితో లెక్క కట్టండి. అక్కడ చాలకపోతే ఒక లోన్ కిస్తీకి ఇంకో లోన్ తేవాల్సి వస్తుంది. ఇండ్లు మునిగేది అక్కడే. అందుకే ముందు మీ మహిళా సంఘంలో బ్యాంకు లింకేజీ (సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే లోన్), స్త్రీనిధి (మహిళా సంఘాల సహకార సంస్థ) లోన్ అడిగి చూడండి.

వసూలుకు పొద్దున 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత రావొద్దు. వస్తే తారీఖు, టైము రాసిపెట్టుకోండి, ఫిర్యాదుకు పనికొస్తుంది. కంపెనీ వినకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448.

ఇక ఆధార్ వేలిముద్రతో బ్యాంకు ఖాతాలోంచి పైసలు తీసే మిషన్ సంగతి. ఉపాధి కూలి తీసుకునేటప్పుడు ముందు బ్యాలెన్స్ చూపించమనండి. స్క్రీన్ మీద ఎంత కొట్టారో చదివాకే, చదవరాకపోతే చదివించుకున్నాకే, వేలు పెట్టండి. పత్తి ఏరే చేతులకు, సిమెంటు కలిపే చేతులకు గీతలు అరిగిపోతాయి, మిషన్ పట్టదు. చేయి కడిగి, తుడిచి, వేరే వేలు పెట్టండి. ఎప్పటికీ పట్టకపోతే ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు కొత్తగా వేయించండి. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే మాత్రం ఆగి, ఫెయిలైన రసీదు అడగండి, ఫోన్‌కు మెసేజ్ వచ్చిందేమో చూడండి. పైసలు చేతికి రాకుండానే ఖాతాలో కోతపడితే ఐదు రోజుల్లో తిరిగి రావాలి. దాటితే రోజుకు 100 చొప్పున బ్యాంకు ఇవ్వాలి. ఆ రసీదు లేకపోతే అడగడం కష్టం.

మీరు వేలు పెట్టకుండానే పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోన్‌లో ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర పనిచేయకుండా తాళం) వేసి, పైసలు తీసేరోజు మాత్రమే తెరవండి.