గేమ్ పబ్లిషర్ లెక్కలు – 3వ పాఠం: ఏ కన్సోల్‌కి పోర్ట్ చేస్తే గిట్టుతుంది?

గత పాఠంలో గేమ్ తయారీ ఖర్చు వేశాం. పీసీ కోసం చేసిన ఆ గేమ్‌ని కన్సోల్‌కి (ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ లాంటి గేమ్ మెషీన్‌కి) కూడా తేవాలా, అంటే పోర్ట్ చేయాలా వద్దా అన్నది ఈసారి కాగితం మీద తేల్చుకుందాం. అంకెలు ఉదాహరణకే, వాటి చోట మీవి వేసుకోండి.

ముందు ఒక కాపీ మీద చేతికొచ్చేదెంతో చూడాలి. గేమ్ ధర 30 డాలర్లు. ఆ 30నే పట్టుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది, ఎందుకంటే చాలా కాపీలు డిస్కౌంట్‌లోనే పోతాయి. రెండేళ్ల సగటు 18 అనుకుందాం. పన్నులు, రీఫండ్‌లు 3 తీసేస్తే 15. కన్సోల్ స్టోర్ల మామూలు వాటా 30 శాతం, అంటే 4.50. మిగిలేది 10.50.

ఇక పోర్ట్ ఖర్చు. నలుగురు మనుషులు, 5 నెలలు, ఒక్కొక్కరికి నెలకు 8,000 చొప్పున 1,60,000. టెస్టింగ్‌కి 30,000. డెవ్‌కిట్‌లు (గేమ్ తయారీకి వాడే ప్రత్యేక కన్సోల్‌లు), వయసు రేటింగ్, సర్టిఫికేషన్ (విడుదలకు ముందు కన్సోల్ కంపెనీ చేసే పరీక్ష) పనులకు 20,000. మొత్తం 2,10,000. దీన్ని 10.50తో భాగిస్తే 20,000 కాపీలు. అన్ని అమ్మితే ఖర్చు తిరిగొస్తుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కన్సోల్‌లో కొన్నవాళ్లలో కొందరు, అది లేకపోతే పీసీలోనే కొనేవాళ్లు. ఐదుగురిలో ఒకరు అలాంటివారైతే కొత్తగా వచ్చేది నలుగురి డబ్బే. 20,000ని 0.8తో భాగించండి: 25,000. అసలు గిట్టుబాటు సంఖ్య ఇదీ. ఆ కన్సోల్ ఎన్ని కోట్ల ఇళ్లలో ఉందన్నది కాదు, మీ తరహా గేమ్‌లు దానిమీద 25,000 దాటుతున్నాయా అన్నది చూడండి.

గడువు తప్పేది ఎక్కువగా మెమరీ దగ్గర. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ ఉంటే సిరీస్ ఎస్‌లో 10 మాత్రమే, అందులోనూ కొంత సిస్టమే వాడుకుంటుంది. 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ ప్లేస్టేషన్ 5కి సెప్టెంబర్‌లో వస్తే, ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్‌లో వచ్చింది. ఒకే తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే సదుపాయం సిరీస్ ఎస్‌లో కుదరకపోవడమే కారణం. చివరికి దానిమీద ఆ సదుపాయం లేకుండానే విడుదల చేశారు. అందుకే ఒప్పుకోకముందే మీ గేమ్‌లో అన్నిటికంటే బరువైన సీన్‌ని అన్నిటికంటే బలహీనమైన మెషీన్‌లో నడిపి చూడండి. రెండు వారాలు పట్టినా పర్వాలేదు.

రెండో ఆటంకం సర్టిఫికేషన్. ఆట మధ్యలో కంట్రోలర్ బ్యాటరీ అయిపోయిందనుకోండి: గేమ్ పాజ్ అవ్వాలి, మళ్లీ కలపమని మెసేజ్ రావాలి. శత్రువులు అలాగే కొడుతూ ఉంటే తిప్పి పంపేస్తారు. సరిచేసి మళ్లీ పంపడానికి మూడు వారాలైనా ముందే కేటాయించండి. ఒక్క నెల ఆలస్యమైతే జీతాలే 32,000. గిట్టుబాటు సంఖ్య దాదాపు 3,800 కాపీలు పైకి జరుగుతుంది.

అభ్యాసం: ఆ 10.50లో 30 శాతం మొదటి కాపీ నుంచే గేమ్ తయారుచేసిన స్టూడియోకి ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. పీసీలోనూ అదే వాటా. 25,000 ఎంతవుతుంది? మీరు వేశాకే జవాబు చూడండి: 35,714.

4వ పాఠం: విడుదల తేదీ, చేతికి డబ్బు వచ్చే తేదీ.