అటక మీది పాత రేడియోలో 927 పట్టడం ఎలా

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. అంతకుముందు విజయనగరం, శ్రీకాకుళం వైపు ఊళ్లలో తెలుగు వినాలంటే 1948లో వచ్చిన విజయవాడ కేంద్రమో, మద్రాసో, షార్ట్‌వేవ్‌లో సిలోనో దిక్కు. విశాఖ మీడియం వేవ్ కేంద్రానిది 927 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్. అంత బలమున్న కేంద్రం విజయనగరానికి సూటిగా కొలిస్తే 50 కిలోమీటర్లు, శ్రీకాకుళానికి దాదాపు 100. పగటిపూట ఈ దూరాలకు మామూలు ట్రాన్సిస్టర్ చాలు. వినపడటం లేదంటే కారణం వెతకాల్సిందే. ఆ వెతకడానికి ఒక వరస ఉంది: ముందు స్టేషను, తర్వాత దిక్కు, ఆపైన కరెంటు సామాన్లు చేసే గోల. స్క్రూడ్రైవర్ పని ఆఖరున.

దేశంలో చాలాచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూసేశారు, ఉన్నవి కూడా రోజంతా నడవవు. కాబట్టి ముందు పని చేస్తున్న మరో రేడియోలోనో, కారులోని ఏఎంలోనో 927 పెట్టి చూడండి. అక్కడా లేకపోతే మీ సెట్టు తప్పేమీ లేదు; మరమ్మతు సంగతి 837లో విజయవాడ, 1467లో ఒడిశాలోని జయపూర్ పెట్టి తేల్చుకోండి. డయల్ మీద కిలోహెర్ట్జ్ బదులు మీటర్లుంటే 927 అంటే 323 మీటర్లు, 300కీ 350కీ నడుమ. 60, 80, 100 అని అంకెలుంటే వాటి పక్కన సున్నా చేర్చుకుని చదవాలి. 927 స్థానం 80, 100ల నడుమ సగం దాటాక వస్తుంది. డయల్ మీద కిలోసైకిల్స్ అని ఉంటే సెట్టు బాగా పాతది. స్టేషన్ల మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం 1978 నవంబరులో అమలులోకి వచ్చింది, అంతకు పాత డయల్‌లో ముల్లు ఒక వెంట్రుకవాసి అటూఇటూ చూపినా కంగారు పడొద్దు. తోలు కవరులో పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం దొరికితే పారేయకండి, సెట్టు వయసు చెప్పేది అదే.

ఇక దిక్కు. రేడియో లోపల అడ్డంగా ఉండే నల్లటి ఫెరైట్ రాడ్డే మీడియం వేవ్ ఏరియల్. పైకి లాగే స్టీలు ఏరియల్‌కి దీనితో సంబంధం లేదు, అది షార్ట్‌వేవ్‌కీ ఎఫ్ఎంకీ. రాడ్డు పక్క భాగం స్టేషను వైపు ఉంటే గొంతు నిండుగా వస్తుంది, కొన స్టేషను వైపు తిరిగితే మాయమవుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ సరిగ్గా నైరుతి. కాబట్టి రాడ్డు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పడుకోవాలి. విజయనగరం నుంచి విశాఖ దక్షిణానికి కొంచెం పడమరగా ఉంటుంది కనుక అక్కడ రాడ్డు ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉండాలి. చాలా సెట్లలో రాడ్డు పెట్టె పొడవునా ఉంటుంది, అంటే ముందు పలక విశాఖ వైపు తిప్పితే సరిపోతుంది. శ్రీకాకుళం వాళ్లకి ఒక చిత్రం: 972లో ఉండే కటక్ ఈశాన్యం, అంటే విశాఖకి సరిగ్గా ఎదురు కొస. రాడ్డు తిప్పి ఒకదాన్ని చంపి ఇంకోదాన్ని ఉంచడం కుదరదు. అంకెలు తారుమారై ఒడియా వినిపిస్తే ముల్లు మళ్లీ చూసుకోండి.

ఇప్పటి ఇళ్లలో అసలు శత్రువు గోల. సెల్లు వేసిన రేడియో 927 మీద పెట్టి మెయిన్ స్విచ్ ఆపండి. బర్రుమనే శబ్దం పోయిందంటే దోషం రేడియోది కాదు. ఇప్పుడు మెయిన్ వేసి, ఒక్కొక్క స్విచ్ వేస్తూ వినండి. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఇన్వర్టర్, ఇండక్షన్ పొయ్యి సాధారణంగా దొరికే దొంగలు. ఛార్జర్ ఫోను లేకుండా ప్లగ్గులో ఉన్నా గోల చేస్తుంది. మెయిన్ ఆపినా పోకపోతే అది పక్కింటిదో, వీధి లైటుదో. రేడియోని గోడకి, వైరింగుకి రెండు మూడు మీటర్ల దూరం జరపండి, వీలైతే డాబా మీద పెట్టండి. వీధంతా కరెంటు పోయినప్పుడు మీడియం వేవ్ అద్దంలా వినిపించేది ఇందుకే. 2018 తిత్లీ లాంటి తుఫాను రోజులకి సెల్లు రేడియో దాచుకోమనడానికి ఇదొక కారణం. వానాకాలపు మెరుపు చిటపటలకి మాత్రం మందు లేదు. రాత్రిళ్లు ఇచ్ఛాపురం, సోంపేట వైపు గొంతు ఉబ్బి తగ్గుతుంటే అదీ లోపం కాదు: నేల వెంట వచ్చిన తరంగం, పైనుంచి తిరిగొచ్చిన తరంగం ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. పగలు విని చూడండి.

ఇన్ని చేశాకా మూగగా ఉంటే అప్పుడు విప్పండి. సెల్లు వేసేవి మాత్రమే. వాల్వు రేడియోలో 200 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ లేని రకాల్లో చాసీకే, అంటే లోపలి ఇనుప చట్రానికే, కరెంటు తగులుతుంది. అవి తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి.

సెల్లు కారిన చోట స్ప్రింగుల మీద పచ్చ, తెలుపు బూడిద ఉంటుంది. మామూలు జింకు సెల్లు కార్చేది ఆమ్లం, కాబట్టి వంట సోడా నీళ్లలో ముంచిన బ్రష్‌తో తుడవండి. ఆల్కలైన్ సెల్లు కారితే వెనిగర్. ఆరాక ఎమరీ పేపరుతో రుద్దండి. వాల్యూమ్ తిప్పితే ఖర్ ఖర్ మంటే కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి ఇరవై ముప్పై సార్లు ఆ కొసకీ ఈ కొసకీ తిప్పండి. బ్యాండ్ స్విచ్‌కీ అదే. కొబ్బరి నూనె వేసే అలవాటు ఉంది, వద్దు. నెల తిరక్కుండా దుమ్ము పట్టి మొదటికంటే ఘోరమవుతుంది.

డయల్‌లో ఒకే చోట చిటచిటమంటే గ్యాంగ్ కండెన్సర్ (ట్యూనింగ్ తిప్పితే తిరిగే రేకుల కట్ట) రేకులు తగులుతున్నాయి. భీమిలి, కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో ఉప్పు గాలికి ఈ రేకుల మీద తెల్ల పొడి పేరుకుంటుంది. విజిటింగ్ కార్డు ముక్క ఒక్కో సందులో నెమ్మదిగా దూర్చి తీయండి, రేకులు వంచొద్దు. డయల్ దారం తెగితే వలలకు వాడే ఒంటిపోగు నైలాన్ పనికిరాదు, జారిపోతుంది. అల్లిక దారం తీసుకుని ట్యూనింగ్ కడ్డీకి రెండున్నర చుట్లు వేసి, స్ప్రింగు కొద్దిగా సాగేలా ముడేయండి.

మోటారు పడవలా బుడబుడమంటుంటే ఎండిపోయిన కండెన్సర్ పని అది. సెల్లు ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య కట్టి ఉండే 100 నుంచి 470 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్‌ని చూడండి. పాతది తీయకుండానే 220 మైక్రోఫారడ్లు, 16 వోల్టుల కొత్తది సమాంతరంగా ఆనించండి. శబ్దం ఆగితే పాతది తీసి కొత్తది అతికించండి. పాత జర్మేనియం ట్రాన్సిస్టర్ల సెట్లు చాలావాటిలో సెల్లు ప్లస్సే ఎర్తు. అలవాటు కొద్దీ మైనస్‌ని ఎర్తుకి అతికిస్తే కండెన్సర్ పోతుంది. తీసినదాని గుర్తు చూసే పెట్టండి.

స్స్‌మని శబ్దముండి ఏ స్టేషనూ రాకపోతే ఆసిలేటర్ (సెట్టులో సొంతంగా తరంగం పుట్టించే భాగం) బతికుందో లేదో పగటిపూట చూడొచ్చు. పని చేసే రేడియోని 1382 దగ్గర పెట్టి, మీ సెట్టుకి జానెడు దూరంలో ఉంచండి. ఇప్పుడు మీ సెట్టు ముల్లుని 927 చుట్టూ మెల్లగా కదపండి. ఎక్కడో ఒకచోట రెండో రేడియోలో స్స్ ఒక్కసారిగా అణగాలి. 927కి ఐఎఫ్ (ఏ స్టేషనునైనా సెట్టు లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) 455 కలిపితే వచ్చేది 1382, మీ సెట్టు ఆసిలేటర్ అక్కడ మోగుతుంటుంది. అణిగితే ఆసిలేటర్ బాగుంది, ఫెరైట్ రాడ్డు కాయిల్ చూడండి. దాని తీగ వెంట్రుకల్లాంటి పోగుల కట్ట. అతుకు దగ్గర కొన్ని పోగులు తెగినా గొంతు సగమవుతుంది. ప్రతి పోగు మీదా పూత గీకి టిన్ను పట్టించాకే అతికించండి. రాడ్డు విరిగితే రెండు ముక్కలూ సందు లేకుండా ఆనించి అంటించొచ్చు, కాస్త బలం తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం ముట్టుకోవద్దు: రంగు రంగుల తలలున్న చిన్న ఐఎఫ్‌టీ (ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్) డబ్బాలు. స్క్రూలాగా కనిపిస్తాయి కదా అని బిగించినవాళ్లే ఎక్కువ. సిగ్నల్ జనరేటర్ లేకుండా వాటిని మళ్లీ 455కి తేవడం గగనం.

రేడియో బాగుండీ ఊరు దూరమైతే లూప్ ఏరియల్ కట్టుకోండి. 60 సెంటీమీటర్ల భుజమున్న చతురస్రం వచ్చేలా రెండు కర్రలు కూడిక గుర్తులా బిగించండి. కర్ర ఒక్కోటి 85 సెంటీమీటర్లుండాలి. కొసలకు అర సెంటీమీటరు ఎడంతో గాట్లు పెట్టి ప్లాస్టిక్ తొడుగున్న సన్నతీగని 13 చుట్లు చుట్టండి. తీగ 31 మీటర్ల పైచిలుకు పడుతుంది, 35 కొనండి. రెండు కొసలనీ పాత రేడియోలో తీసిన గ్యాంగ్ కండెన్సర్‌కి, దాని ఎర్తు కాలికీ ఒక సెక్షన్ కాలికీ అతికించండి. రేడియోకి తీగ కలపక్కర్లేదు. చట్రం అంచు విశాఖ వైపు చూసేలా నిలబెట్టి, రాడ్డు కొస చట్రం నడుమకి చూసేలా రేడియోని దగ్గర పెట్టండి. 927లో సన్నగా వినపడేదాకా రేడియో తిప్పి, ఆపైన గ్యాంగ్ మెల్లగా తిప్పండి. ఒక్క చోట గొంతు ఎగిసి వస్తుంది. ఆ చోటు చాలా ఇరుకు, తొందరపడితే దాటిపోతుంది. అసలు ఎగరకపోతే చుట్లలో ఒకటి తిరగబడి చుట్టారేమో, తీగ కొస పూత గీకారో లేదో చూడండి. దొరికిన చోట గ్యాంగ్ బొడిపె మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి.