పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయా? ఫైళ్ల కన్నా ముందు చూసుకోవాల్సినవి

పెన్‌డ్రైవ్ తెరవగానే మన ఫోల్డర్ల స్థానంలో చిన్న బాణం గుర్తున్న షార్ట్‌కట్‌లు కనిపిస్తే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. ఆ కంగారులో చాలామంది చేసేవి రెండే పనులు. లోపల ఏముందో చూద్దామని షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తారు, లేదంటే విసుగెత్తి ఫార్మాట్ కొట్టేస్తారు. దయచేసి ఈ రెండూ చేయకండి. ఇది వార్మ్ పని, అంటే తనను తానే కాపీ చేసుకుంటూ కంప్యూటర్ల మధ్య పాకే హానికర ప్రోగ్రామ్. డబుల్ క్లిక్ చేస్తే దాన్ని మన చేత్తో మనమే నడిపినట్టు. ఫార్మాట్ కొడితే వార్మ్ ముట్టుకోని ఫైళ్లను మనమే చెరిపేసినట్టు.

ఈ రకం వార్మ్ పట్టిన డ్రైవ్‌లో ఫైళ్లు సాధారణంగా భద్రంగానే ఉంటాయి, దాచిపెట్టి ఉంటాయంతే. నిజంగా చేజారేవి వేరు: బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న ఖాతాలు, డాక్యుమెంట్ల నకళ్లు. అవి పోయేటప్పుడు తెర మీద ఏ గుర్తూ కనిపించదు. కనబడని ఫైళ్ల కోసం రాత్రంతా కూర్చునేవాళ్లు పాస్‌వర్డ్‌ల సంగతి తలచుకోకపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఇదంతా రాయడానికి కారణం అదే.

సమస్య: ఫోల్డర్లు షార్ట్‌కట్‌లయ్యాయి, లేదా డ్రైవ్ లోపల అదే డ్రైవ్ పేరుతో ఇంకో ఐకాన్ ఉంది

కారణం: వార్మ్ మీ అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే రెండు గుర్తులూ తగిలిస్తుంది. విండోస్ మామూలుగా అలాంటివాటిని చూపించదు. తర్వాత అవే పేర్లతో, అదే ఫోల్డర్ బొమ్మతో షార్ట్‌కట్‌లు తయారుచేసి పెడుతుంది. క్లిక్ చేస్తే ముందు వార్మ్ నడుస్తుంది, ఆ వెంటనే మీ అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఈ మోసమంతా ఆ రెండో అడుగులోనే ఉంది. కావలసింది తెరుచుకుంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. ఇంకొన్ని వార్మ్‌లు మీ ఫైళ్లన్నిటినీ పేరు లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్‌లోకి నెట్టి, బయట డ్రైవ్ పేరుతో ఒకే ఒక్క షార్ట్‌కట్ ఉంచుతాయి. ఆ ఫోల్డర్‌కి పేరు లేక కాదు, కంటికి కనిపించని ఖాళీ అక్షరాన్ని పేరుగా పెడతాయి.

ఖాయం చేసుకోవాలంటే షార్ట్‌కట్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ అనే గడిలో మామూలుగా ఫోల్డర్ దారి ఉండాలి. అక్కడ సీఎండీ (అంటే కమాండ్ ప్రాంప్ట్), డబ్ల్యుస్క్రిప్ట్, పవర్‌షెల్, ఎంఎస్‌ఐఎగ్జెక్, రన్‌డీఎల్‌ఎల్ 32 లాంటి ప్రోగ్రామ్‌ల పేర్లు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. 2021లో బయటపడిన రాస్ప్‌బెర్రీ రాబిన్ వార్మ్ షార్ట్‌కట్ ఎంఎస్‌ఐఎగ్జెక్‌నే వాడుకునేది. అది విండోస్‌లో ఉన్న అసలైన ఇన్‌స్టాలర్ ప్రోగ్రామే. వార్మ్ దాన్ని పిలిచి, నెట్ నుంచి మిగతా సరుకు దింపిస్తుంది.

షార్ట్‌కట్ బదులు ఫోల్డర్ బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రామ్ ఫైలు కూడా ఉండవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో డీటెయిల్స్ వ్యూ పెట్టి టైప్ వరుస చూడండి. ఫోల్డర్ అయితే ఫైల్ ఫోల్డర్ అని ఉండాలి. అప్లికేషన్ అని ఉంటే అది ఫోల్డర్ కాదు.

పరిష్కారం: ముందు డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. శుభ్రం చేయాల్సింది మొదట కంప్యూటర్ని, తర్వాత డ్రైవ్‌ని. ఈ వరుస తప్పితే ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే. కంప్యూటర్ని ఎలా శుభ్రం చేయాలో తర్వాతి సమస్యలో వివరంగా రాశాను. అది పూర్తయిందనుకొని, ఫైళ్లు తిరిగి తెచ్చుకునే పద్ధతి ఇక్కడ చెబుతాను.

డ్రైవ్ పెట్టి, ఏదీ తెరవకుండా, డ్రైవ్ ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి యాంటీవైరస్‌తో స్కాన్ చేయించండి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఫుల్ స్కాన్ చేసినా, సెట్టింగ్ మార్చకపోతే పెన్‌డ్రైవ్ జోలికి వెళ్లదు. కాబట్టి డ్రైవ్‌ని విడిగా స్కాన్ చేయడం తప్పనిసరి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, వార్మ్ తగిలించిన గుర్తులు తీసేసే అట్రిబ్ కమాండ్ వాడాలి. అట్రిబ్ అని కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, ఆపై స్లాష్ ఎస్, స్లాష్ డి, చివర్న మీ డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్ డాట్ స్టార్. ఒక్కొక్క దానికీ మధ్య స్పేస్ ఉండాలి, కానీ డ్రైవ్ అక్షరం దగ్గర్నుంచి చివరిదాకా కలిపి రాయాలి. డ్రైవ్ అక్షరం సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. పొరపాటున విండోస్ ఉన్న డ్రైవ్ అక్షరం ఇస్తే అక్కడి సిస్టమ్ ఫైళ్ల గుర్తులన్నీ చెదిరిపోతాయి.

ఇప్పుడు మీ ఫోల్డర్లు బయటికి వస్తాయి. డాక్యుమెంట్లు, ఫొటోల లాంటి మీవైన ఫైళ్లు మాత్రమే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. షార్ట్‌కట్‌లు, స్క్రిప్ట్‌లు, మీరు పెట్టని ప్రోగ్రామ్ ఫైళ్లు వదిలేయండి. ఫార్మాట్ కొట్టాల్సింది అప్పుడు. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్ కనిపిస్తే భయపడకండి, అది విండోస్‌దే.

సమస్య: ఫార్మాట్ కొట్టినా, స్కాన్ చేసినా మళ్లీ అదే

కారణం: వార్మ్ కాపురం ఉండేది కంప్యూటర్‌లో. పెన్‌డ్రైవ్ దానికి ఒక బండి మాత్రమే. మెమరీలో నడుస్తున్న వార్మ్ కొత్త డ్రైవ్ ఏదైనా వచ్చిందా అని కొన్ని క్షణాలకొకసారి చూసుకుంటూ ఉంటుంది, లేదా డ్రైవ్ తగిలినప్పుడు విండోస్ పంపే సందేశం కోసం కాచుకుంటుంది. మీరు ఫార్మాట్ కొట్టిన మరుక్షణమే మళ్లీ కాపీ అయిపోతుంది. ఏ డ్రైవ్ పెట్టినా షార్ట్‌కట్‌లు వెంటనే పుట్టుకొస్తున్నాయంటే రోగం కంప్యూటర్‌లో ఉందని తేలిపోయినట్టే.

పరిష్కారం: నెట్ ఆపేయండి. వైఫై ఆఫ్ చేసి, కేబుల్ ఉంటే పీకేయండి. వార్మ్ తన యజమానికి ఏమైనా పంపుతుంటే ఆ దారి మూసుకుంటుంది. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి, ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ జరుగుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. మామూలు స్కాన్ కన్నా దీన్నే నేను ముందు చేయమంటాను, ఎందుకంటే వార్మ్ అప్పటికి ఇంకా మేలుకోదు.

ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా వార్మ్‌ని లేపే కొక్కేలు వెతకాలి. అవి ఎక్కువగా మూడు చోట్ల ఉంటాయి: స్టార్టప్ ఫోల్డర్, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు)లోని రన్ కీలు, టాస్క్ షెడ్యూలర్ (పనులను నిర్ణీత సమయానికి నడిపేది). విడివిడిగా వెతికే ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్ పరికరాల్లో ఆటోరన్స్ అనేది ఉంది, అన్నిటినీ ఒకేచోట చూపిస్తుంది. యాప్‌డేటా, టెంప్, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ల నుంచి నడుస్తూ, పేరు అర్థం లేని అక్షరాల కలగూరగంపలా ఉన్నవాటిని అనుమానించండి. వాటిని వెంటనే తుడిచేయకుండా, ముందు టిక్ తీసేసి రీస్టార్ట్ చేసి చూడటం మేలు.

టాస్క్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్ అనేది ఎప్పుడూ నడుస్తూనే ఉంటే అదీ ఒక గట్టి ఆధారం. షార్ట్‌కట్ వార్మ్‌లలో చాలా భాగం వీబీస్క్రిప్ట్‌లో రాసినవే. ఆ భాషను విండోస్ నుంచి క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. మీకు దానితో పని లేకపోతే ఇప్పుడే ఆపుకోవచ్చు.

ఇదంతా చేసినా తిరిగి వస్తోందా? అయితే బీరువాలో ఇంకో పెన్‌డ్రైవ్ ఉండి ఉంటుంది. కెమెరా మెమరీ కార్డు, పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, యూఎస్‌బీ స్టోరేజీలా తగిలే మ్యూజిక్ ప్లేయర్, ఇలా ఒక్కటి మిగిలినా చాలు. ప్లగ్‌ఎక్స్ అనే గూఢచారి ప్రోగ్రామ్‌ని చూడండి. దాని యూఎస్‌బీ రకం ఆపరేటర్ల అదుపు తప్పిన తర్వాత కూడా డ్రైవ్‌ల మీద దేశదేశాలు తిరుగుతూనే ఉంది. 2025 జనవరిలో అమెరికా న్యాయశాఖ, తమ దేశంలో 4,200కి పైగా కంప్యూటర్ల నుంచి దాన్ని తొలగించినట్టు ప్రకటించింది. నడిపేవాడు లేకపోయినా డ్రైవ్‌లు మారుతుంటే చాలు, వార్మ్ బతికే ఉంటుంది. కాబట్టి మీ దగ్గరున్న ప్రతి డ్రైవ్‌నీ ఒకే రోజు, శుభ్రమైన ఒకే కంప్యూటర్ మీద చూడండి.

సమస్య: టాస్క్ మేనేజర్ తెరవట్లేదు, హిడెన్ ఫైళ్లు చూపించమన్నా చూపించట్లేదు, యాంటీవైరస్ సైట్లు మాత్రమే తెరుచుకోవట్లేదు

కారణం: తనని పట్టుకునే దారులన్నీ వార్మ్ మూసేస్తోంది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వార్మ్ సరిగ్గా ఈ పనే చేసేది, భద్రతా సంస్థల వెబ్‌సైట్లు తెరుచుకోనిచ్చేది కాదు.

పరిష్కారం: నడుస్తున్న విండోస్ లోపలి నుంచి దానితో కుస్తీ పట్టడం వృథా. ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. అదీ కుదరకపోతే ఫైళ్లు బ్యాకప్ తీసుకుని విండోస్ మళ్లీ వేసుకోవడమే మేలు. ఆ ఇన్‌స్టాల్ డ్రైవ్‌ని మాత్రం వేరే శుభ్రమైన కంప్యూటర్ మీద తయారుచేయాలి.

సమస్య: ఏమీ క్లిక్ చేయలేదు, అయినా ఎక్కింది

పాత విండోస్‌లో ఇది నిజంగానే జరిగేది. డ్రైవ్‌లోని ఆటోరన్ ఫైలు చదివి, అందులో చెప్పిన ప్రోగ్రామ్‌ని నడిపే సౌకర్యం ఉండేది. కాన్‌ఫికర్ దాన్ని ఇంకాస్త తెలివిగా వాడుకుంది. డ్రైవ్ పెట్టగానే వచ్చే పెట్టెలో, ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరువు అనే వరుస లాంటిదే, అదే బొమ్మతో తానూ ఒకటి చేర్చేది. నొక్కితే నడిచేది వార్మ్. విండోస్ 7 నుంచి యూఎస్‌బీ డ్రైవ్‌లకు ఆటోరన్ ఆపేశారు. ఎక్స్‌పీ, విస్టాలకు కూడా 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ ద్వారా అదే మార్పు పంపారు. ఆటోరన్ పేరుతో ఖాళీ ఫోల్డర్ పెట్టుకుంటే డ్రైవ్‌కి టీకా వేసినట్టే అనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. షార్ట్‌కట్ వార్మ్‌ల దగ్గర అది పనిచేయదు.

ఆటోరన్ పోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, షార్ట్‌కట్ ఐకాన్‌ని విండోస్ చూపించే తీరులోని లోపాన్ని వాడుకుంది. ఫోల్డర్ తెరిచి ఐకాన్ కంటపడితే చాలు, నడిచిపోయేది. ఆ ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం సెంట్రిఫ్యూజ్‌లను దెబ్బతీసింది ఆ వార్మే. పరిష్కారం అప్‌డేట్లు ఆపకుండా వేసుకోవడం. అప్‌డేట్లు అందని పాత విండోస్ ఉన్న కంప్యూటర్లో బయటి డ్రైవ్ పెట్టనే వద్దు.

సమస్య: వార్మ్ పోయింది, కానీ ఖాతాల్లో తెలియని లాగిన్‌లు కనిపిస్తున్నాయి

కారణం: అది నడిచినన్నాళ్లూ ఊరికే కూర్చోలేదు. రామ్నిట్ అనే వార్మ్ లాంటివి బ్రౌజర్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లకు చెప్పే చిన్న ఫైళ్లు), సర్వర్ల లాగిన్‌లు, బ్యాంకింగ్ వివరాలు దోచుకునేవి. మరికొన్ని మీరు కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకుంటాయి, తెర ఫొటోలు తీస్తాయి, డాక్యుమెంట్లను ఫైలు పేరు చివరనుండే ఎక్స్‌టెన్షన్ బట్టి ఏరి పోగేస్తాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు చాలావరకు మీ విండోస్ ఖాతా తాళంతోనే తెరుచుకుంటాయి. మీ ఖాతాలోనే నడుస్తున్న వార్మ్‌కి ఆ తాళం చేతిలో ఉన్నట్టే.

పరిష్కారం: పాస్‌వర్డ్‌లు మార్చండి, కానీ ఆ కంప్యూటర్ నుంచి కాదు. శుభ్రమైన ఫోన్ నుంచి గానీ మరో కంప్యూటర్ నుంచి గానీ మార్చండి. మొదట ఈమెయిల్, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ దానికే వస్తాయి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయించండి. కుకీ దొంగ చేతిలో ఉంటే, కొన్ని చోట్ల పాస్‌వర్డ్ మార్చినా అతను లోపలే ఉండిపోగలడు. మెయిల్ సెట్టింగులలో మీరు పెట్టని ఫార్వర్డింగ్ చిరునామా, రికవరీ నంబరు ఉన్నాయేమో చూడండి. రెండంచెల ధృవీకరణ పెట్టుకోండి. డ్రైవ్‌లో గుర్తింపు పత్రాల స్కాన్‌లు ఉంటే వాటి నకళ్లు కూడా పోయాయనే అనుకోవాలి. మీ పేరుతో ఎవరైనా ఖాతా తెరుస్తారేమో కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

సమస్య: ఆ కంప్యూటర్‌కి నెట్టే లేదు, అక్కడి సమాచారం ఎలా పోతుంది?

డ్రైవ్ వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది కదా. 2008లో అమెరికా సైనిక నెట్‌వర్క్‌లలోకి దూరిన ఏజెంట్ బీటీజెడ్ అనే వార్మ్, తాను చేరిన కంప్యూటర్ వివరాలను పెన్‌డ్రైవ్ మీద ఒక ఫైల్లో రాసి పెట్టేది. అది మొదలైంది మధ్యప్రాచ్యంలోని ఒక సైనిక స్థావరంలో, ల్యాప్‌టాప్‌కి పెట్టిన ఒక్క ఫ్లాష్ డ్రైవ్‌తో అని అప్పటి రక్షణ ఉపమంత్రి విలియం లిన్ 2010లో వెల్లడించారు. అదే 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ల్యాప్‌టాప్‌లలో కూడా ఒక వార్మ్ దొరికింది. ఆన్‌లైన్ గేమ్‌ల పాస్‌వర్డ్‌లు దొంగిలించేందుకు రాసిన గామిమా అది. అంత ఎత్తుకు వెళ్లగలిగినది, నెట్ లేదని మూల గదిలో పెట్టిన కంప్యూటర్‌ని వదులుతుందా?

పరిష్కారం: అలాంటి కంప్యూటర్‌కి ఒక డ్రైవ్‌ని ప్రత్యేకించి, పెట్టే ముందు మరో కంప్యూటర్ మీద స్కాన్ చేయండి. ఆఫీసు కంప్యూటర్లు చూసుకునేవాళ్లకు ఇంకా బలమైన ఉపాయం ఉంది. గ్రూప్ పాలసీలో రిమూవబుల్ డిస్కుల మీద ఎగ్జిక్యూట్ యాక్సెస్ నిరాకరించవచ్చు. ఫైళ్లు చదవడం, రాయడం మామూలుగానే జరుగుతాయి, డ్రైవ్ మీదున్న ప్రోగ్రామ్‌లు మాత్రం నడవవు. అయితే కంప్యూటర్‌లోనే ఉన్న ప్రోగ్రామ్‌ని పిలిచే షార్ట్‌కట్‌ని ఇది ఒక్కటే ఆపలేదు, స్కాన్ మానకూడదు.

సమస్య: డ్రైవ్ రైట్ ప్రొటెక్టెడ్ అంటోంది, ఫార్మాట్ కూడా అవట్లేదు

దీన్ని చాలామంది వైరస్ ఖాతాలో వేస్తారు. ఎక్కువసార్లు అది వైరస్ కాదు. డ్రైవ్‌లోని మెమరీ అరిగిపోయినప్పుడు, ఉన్న డేటా పోకుండా డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ చిప్ తనంతట తానే రాతను ఆపేస్తుంది. డ్రైవ్ పక్కన తాళం మీట ఉందేమో చూడండి. లేకపోతే చదవగలిగినంత కాలంలోనే ఫైళ్లు కాపీ చేసుకుని, ఆ డ్రైవ్‌ని వాడటం మానేయండి. అందులో సొంత పత్రాలు ఉంటే చెత్తలో వేసే ముందు పగలగొట్టండి, చెరపడానికి వీల్లేని డ్రైవ్ అది.

ఇంకొక్క పని మిగిలింది. ఈ మధ్య మీ డ్రైవ్ ఎవరెవరి కంప్యూటర్లలో పెట్టారో గుర్తుచేసుకుని, వాళ్లకు ఈరోజే ఫోన్ చేయండి. చెప్పడానికి మొహమాటంగానే ఉంటుంది. వాళ్ల పాస్‌వర్డ్‌లు కూడా ఇప్పటికే దారి పట్టి ఉండొచ్చు.