లోలకం గ్రాఫ్ గీయడం ఎలా? చుక్కల ముగ్గు కాకుండా!

హైస్కూలు పిల్లలతో ఈ ప్రయోగం ఎన్నిసార్లు చేయించానో లెక్కలేదు. చెడేది మాత్రం ప్రతిసారీ ఒకే చోట.

మీటరున్నర కుట్టుదారం, బరువైన నట్టు, స్కేలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, గ్రాఫ్ పేపరు, పెన్సిల్ ఉంటే చాలు. ఉక్కు నగరంలో నట్టుకు కరువా! దారం ఒక కొసకు నట్టు కట్టి, రెండో కొసను గట్టి మేకుకు కట్టండి. ఫ్యాన్ ఆపి, సముద్రం వైపు కిటికీలు మూసేయండి. వైజాగ్ ఉక్కపోతకు పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి.

పొడవు మేకు నుంచి నట్టు మధ్య వరకు కొలవాలి. 25, 36, 49, 64, 81, 100 సెంటీమీటర్లు పెట్టండి. ఇవన్నీ వర్గ సంఖ్యలు (5×5 నుంచి 10×10 వరకు), టైమ్ సమానమైన అడుగులతో పెరుగుతుందని ఎంచుకున్నవి. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకండి. నట్టును కొద్దిగా పక్కకు లాగి వదిలి, 20 ఊపులకు టైమ్ చూడండి. వెళ్లి తిరిగొస్తేనే ఒక ఊపు. లెక్క ‘సున్నా’తో మొదలవ్వాలి, ‘ఒకటి’తో మొదలైతే 19 ఊపులే అవుతాయి. ఒక్క ఊపుకే టైమ్ చూస్తామనేవాళ్లున్నారు. బటన్ నొక్కడంలో వేలు చేసే ఆలస్యం 20 మీద పంచుకుపోతుంది, ఒక్కదాని మీదైతే మొత్తం దాని నెత్తినే పడుతుంది.

వచ్చిన టైమును 20తో భాగించండి. మనం మార్చింది పొడవు కాబట్టి అది అడ్డంగా, టైమ్ నిలువుగా. చుక్కలు పెట్టించండి.

ఇక్కడ ఆగండి. పిల్లల చేతులు చుక్కను చుక్కతో కలపడానికి ఉరుకుతాయి. ఇది ముగ్గు కాదు! ప్రతి కొలతలోనూ కాస్త తేడా ఉంటుంది. చుక్కలన్నిటినీ కలిపితే ఆ తేడాలకే బొమ్మ గీసినట్టు. కొన్ని పైకి, కొన్ని కిందికి మిగిలేలా చుక్కల మధ్య నుంచి ఒకే గీత నడవాలి. అది వంపు తిరుగుతుంది. స్కేలు పెట్టి బలవంతాన తిన్నగా చేయకండి. కంప్యూటర్‌తో గీయించడం కూడా నాకు గిట్టదు, వంపు చేతికి తెలియాలి.

ఇప్పుడు టైమును వర్గం చేసి ఇంకో గ్రాఫ్ గీయండి. ఈసారి సరళరేఖ వస్తుంది. మిగిలిన దారాన్నే చుక్కల మీద బిగించి పట్టుకుంటే గీత ఎటు పోవాలో స్కేలు కన్నా బాగా కనిపిస్తుంది. ఒక చుక్క దూరంగా పడిందా? చెరిపేయొద్దు, ఆ పొడవుతో మళ్లీ ఊపించండి. గీత సున్నా దగ్గరికి రాకుండా నిలువు అక్షానికి పైన తగిలిందా? లాగి సున్నాకు కలపొద్దు. ఎవరో నట్టు పైభాగం వరకే కొలిచి ఉంటారు.

చివరగా, 70 సెంటీమీటర్లకు ఎంత టైమ్ పడుతుందో గ్రాఫ్ చూసి ముందే రాయించి, అప్పుడు ఊపించండి. 20 ఊపులకు ముప్పైమూడున్నర సెకన్ల దగ్గర రావాలి.