డిమెన్షియాను అంచనా వేయడం – 3వ పాఠం: ముందు ఇంటివాళ్లతో మాట్లాడండి

పోయిన పాఠంలో జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే 30 మార్కుల పరీక్ష ఎంఎంఎస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) చూశాం. బడి మొహం చూడని పెద్దావిడకు అందులో మార్కులు తగ్గితే అదంతా జబ్బు కిందకి రాదు. అందుకే ఈసారి డిమెన్షియా ఏ స్థాయిలో ఉందో చెప్పే సీడీఆర్ (క్లినికల్ డిమెన్షియా రేటింగ్) మొదలుపెడదాం. ఆ మనిషి ఒకప్పుడు ఎలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు అన్నదే ఇందులో కొలత. జ్ఞాపకశక్తి, కాలం–చోటు తెలియడం, మంచిచెడ్డలు తేల్చుకోవడం, బయటి పనులు, ఇంటి పనులు, సొంత శుభ్రత అని ఆరు అంశాలు. స్కోర్లు 0, 0.5, 1, 2, 3. 0 అంటే లోపం లేనట్టు, 3 అంటే బాగా ముదిరినట్టు. సొంత శుభ్రతకు మాత్రం 0.5 ఉండదు.

ముందు ఇంటివాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టి అడగాలి. అత్తగారి ఎదురుగా ఏ కోడలూ నోరు విప్పి చెప్పదు. ఈ వారంలో జరిగిన ఒక సంగతి, నెలలోపు జరిగిన ఇంకొకటి రాబట్టండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు, ఎలా వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, అన్నీ రాసుకోండి.

కోడలు ఇలా చెప్పిందనుకుందాం: "ఆదివారం గాజువాకలో మా ఆడపడుచు గృహప్రవేశానికి ఆటోలో వెళ్లామండి. భోజనాలయ్యాక మూడింటికి బయల్దేరాం."

తర్వాత పెద్దావిడ దగ్గరకెళ్లి, "అమ్మా, ఆదివారం ఎక్కడికో వెళ్లారట, ఏంటి విశేషాలు?" అనండి. అంతకుమించి అందించొద్దు. "అమ్మాయి ఇంటికెళ్లాం, పనసపొట్టు కూర బాగా చేశారు" అని చెప్పి, ఎలా వెళ్లారో తడుముకుంటే సగం గుర్తున్నట్టు. ఇలాంటి మరుపు తరచూ ఉంటూ రోజువారీ పనులకు అడ్డు రాకపోతే 0.5 వైపు చూడండి. అసలు వెళ్లిన సంగతే గుర్తు లేక, మరుపు వల్ల పనులు కూడా దెబ్బతింటుంటే 1 గానీ, ఆపైన గానీ. ఒక్క సంగతితోనే తేల్చేయకండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్లడం మానేశారంటే, మోకాళ్ల నొప్పులా, మతిమరుపా? నొప్పులైతే స్కోరు పెంచకూడదు. బ్యాంకు పని మొదటి నుంచీ ఆయనే చూసుకునేవారైతే, ఆవిడకు రాకపోవడం లోపం కాదు. "ఇంతకుముందు చేసేవారా? ఎందుకు మానేశారు?" ఈ రెండూ ప్రతి అంశంలోనూ అడగండి. వినికిడి మిషన్ ఉంటే పెట్టించాకే మాట్లాడండి. వినపడక తప్పు చెప్పిన వాళ్లకు డిమెన్షియా అని రాయడం ఘోరం.

ఆరు స్కోర్లు కలిపి సగటు తీయకూడదు. జ్ఞాపకశక్తిదే పెద్దపీట. మిగతా ఐదింటిలో కనీసం మూడు దానితో సమానంగా వస్తే అదే మొత్తం స్కోరు. రాకపోతే ఏం చేయాలో 4వ పాఠంలో చూద్దాం. ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్లతో ఈ వారం సంగతి ఒకటి మాట్లాడి, వివరాలు రాబట్టడం సాధన చేయండి. స్కోరు మాత్రం వేయకండి.