దంతాల స్టడీ మోడల్‌ను పోసి ట్రిమ్ చేయడం ఎలా?

స్టడీ మోడల్ అంటే రోగి పళ్ల అచ్చులో పోసి తీసే ప్రతిరూపం. ట్రిమ్మర్ (మోడల్‌ను అరగదీసే చక్రం మిషన్) దగ్గర ఎదురయ్యే తంటాలు చాలావరకు పోత దగ్గరే మొదలవుతాయి. కాబట్టి అక్కడి నుంచే వద్దాం.

రోగి నోట్లో ఆల్జినేట్ అనే మెత్తటి పదార్థంతో తీసిన అచ్చును కడిగి, క్రిమిసంహారకం వాడి, మళ్లీ కడగండి. గాలికి వదిలితే అది కుంచించుకుపోతుంది, నీళ్లలో ఉంచితే ఉబ్బుతుంది. వెంటనే పోయలేకపోతే తడిబట్టలో చుట్టి ఉంచండి.

100 గ్రాముల డెంటల్ స్టోన్‌కు (ప్లాస్టర్ కన్నా గట్టిపడే జిప్సం పొడి) సుమారు 30 మి.లీ. నీళ్లు చాలు, ప్లాస్టర్‌కైతే 45 నుంచి 50. ముందు నీళ్లు, తర్వాత పొడి. అచ్చు ఉన్న ట్రేను వైబ్రేటర్‌కు (అదిరించే మిషన్) ఆనించి, చివరి దవడపన్ను దగ్గర కొద్దికొద్దిగా వేస్తూ, ఒక్కో పంటి గుంటలోకి దానంతటదే పాకనివ్వండి. తొందరపడి కుమ్మరిస్తే పంటి కొనల్లో బుడగలు ఖాయం.

45 నుంచి 60 నిమిషాలాగి ట్రేను నిటారుగా పైకి లాగండి. పక్కలకు ఊపితే ముందుపళ్లు విరుగుతాయి.

ఇక ట్రిమ్మింగ్. మోడళ్లను ఐదు నిమిషాలు తడపండి. పొడిగా ఉంటే చక్రానికి ముద్ద పట్టేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లు వదిలాకే మిషన్ వేయండి.

ముందు పై దవడ మోడల్. పళ్లను బల్లమీద బోర్లించి చూసుకుంటూ, పీఠాన్ని ఆ బల్లకు సమాంతరంగా కోయండి. మొత్తం ఎత్తులో పీఠం మూడో వంతు ఉంటే చూడ్డానికి బాగుంటుంది. తర్వాత వెనకభాగం: అంగిలి మధ్యగీతకు లంబంగా, చివరి పంటి వెనక సుమారు 6 మి.మీ. వదిలి. పక్కలు దవడపళ్ల వరుస వెంట. ముందుభాగం రెండు కోరపళ్ల నుంచి వచ్చి మధ్యగీత దగ్గర మొనదేలాలి. కింది మోడల్‌కైతే అక్కడ మొన ఉండదు, గుండ్రని వంపు ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వెనక మూలలను కూడా కొద్దిగా చెక్కేయండి.

కింది మోడల్‌ను విడిగా కొలిచి కోయకండి. రెంటి మధ్యా వ్యాక్స్ బైట్ (రోగి కొరికిన గుర్తులున్న మైనపు ముక్క) పెట్టి, పళ్లు కలిపి పట్టుకుని, పై మోడల్ వెనకభాగానికి సరిగ్గా కలిసేదాకా కింది దాన్ని అరగదీయండి. కింది పీఠాన్నీ అలాగే పై పీఠానికి సమాంతరం చేయండి. చివరి మి.మీ.లో చేతిని తేలిగ్గా ఆనించండి. చిగురు అంచు పోయిందంటే మోడల్ మళ్లీ పోయాల్సిందే.

జతను వెనకభాగం మీద నిలబెట్టి చేయి తీయండి. పళ్లు కలిసినవి కలిసినట్టే ఉంటే కోత కుదిరినట్టు. బుడిపెలను చాకుతో గీకి, గుంటల్లో ప్లాస్టర్ నింపి, రోగి పేరు, తేదీ రెండు మోడళ్ల మీదా రాయండి.