బొమ్మల కథతో ఇంగ్లిష్ పాఠం: ఆలోచించి చదవడం ఎలా నేర్పాలి?

ఇంగ్లిష్ పాఠాన్ని గడగడా చదివేసే పిల్లలు కూడా "ఆ సంగతి నీకెలా తెలిసింది?" అని అడిగితే తల దించుకుంటారు. మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఏడో తరగతికి చెప్పేటప్పుడు నాకు అక్కరకొచ్చింది నాలుగు గడుల బొమ్మల కథ. మాట తెలియని పిల్లలకూ బొమ్మ ఆసరా ఇస్తుంది.

కథ చిన్నదిగా ఉండాలి. పాత్రల మాటలు రాసే ఒక్కో బుడగలో ఏడెనిమిది మాటలు మించకూడదు. దొరకకపోతే మీరే గీయండి, పుల్లల్లాంటి మనుషులైనా చాలు. నేను గీసినది ఇది: మొదటి గడిలో సంచి పట్టుకుని ముంబయి బస్సెక్కుతున్న తండ్రి. రెండో గడిలో పరంజా మీద ఇటుకలు మోస్తున్నాడు. మూడో గడిలో చేతికి కట్టు, చెవి దగ్గర ఫోను, బుడగలో 'ఐ యామ్ ఫైన్'. నాలుగో గడిలో ఇంట్లో ఫోను పట్టుకుని నవ్వుతున్న కూతురు, ఆమె పక్కన ఖాళీ బుడగ.

ముందు మూడో గడి బుడగపై కాగితం అంటించి ఇవ్వండి. బొమ్మల్లో ఏం జరుగుతోందో తెలుగులోనే చెప్పనివ్వండి. మొదటి నిమిషం నుంచే ఇంగ్లిష్ కావాలని పట్టుబడితే తరగతి మూగబోతుంది.

ఎక్కువ సమయం రెండో గడికీ మూడో గడికీ నడుమనున్న తెల్లని సందు దగ్గర గడపండి. అక్కడ జరిగినదాన్ని ఎవరూ గీయలేదు, చదివేవారే పూరించుకుంటారు. "పడిపోయాడు సార్!" అంటారు. ఏది చూసి అన్నారో వేలు పెట్టి చూపమనండి. కట్టును చూపుతారు. పడ్డాడో, ఇటుకే చేతిమీద పడిందో కట్టు చెప్పదు కదా! అక్కడ వాదన మొదలవుతుంది, ఆపకండి. 'ఐ థింక్', 'బికాజ్ ఐ సీ' అని బోర్డు మీద రాసిపెడితే వాదన మెల్లగా ఇంగ్లిష్‌లోకి జరుగుతుంది.

ఇప్పుడు కాగితం తీయండి. బుడగ ఒకటి చెబుతోంది, కట్టు ఇంకొకటి చెబుతోంది. మనకు కనిపిస్తున్న కట్టు కూతురికి కనిపిస్తోందా? ఈ ప్రశ్న తర్వాత నాలుగో గడిలోని నవ్వును పిల్లలు మళ్లీ చూస్తారు.

చివరగా కూతురి బుడగను ఇంగ్లిష్‌లో నింపమనండి. ఆ రోజుకు స్పెల్లింగులు దిద్దవద్దు.

ఒకమ్మాయి బుడగ నింపకుండా లేచి, "పాలమూరు నాన్న బిడ్డతో ఇంగ్లిష్‌లో ఎందుకు మాట్లాడతాడు సార్?" అని నన్నే నిలదీసింది. జవాబు తోచక సుద్దముక్క ఆమె చేతికిచ్చాను. బోర్డు మీది 'ఐ యామ్ ఫైన్' చెరిపి, "నాకేం బిడ్డా, బాగున్నాను" అని రాసింది. ఆ 'నాకేం'ను ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో మరుసటి పీరియడంతా వెతికాం.